యుద్ధము వంటింటికి వచ్చిన సంవత్సరములు (1939–1945)



మా నాయనమ్మ ఎసట్లో బియ్యము పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. మన సంఘములలో స్త్రీలు ఈలాగున పిడికెడు బియ్యము తీసిపెట్టి ఆదివారము కానుకగా తెచ్చుట మీరెరిగినదే. అయితే మా ఇంట్లో అటువంటి కుండలు రెండు ఉండేవి. ఒకటి దేవునిది. రెండవది ఎందుకని నేను చిన్నప్పుడు అడిగితే, "అది రంగపు కుండరా అబ్బాయి. మళ్ళీ అలాంటి రోజులొస్తే ఇంట్లో గింజ ఉండాలి గదా" అనేది.

రంగము అంటే రంగూను. మా తాతగారు అక్కడ బియ్యపు మిల్లులో కూలి. 1942లో వారు కాలినడకన తిరిగి వచ్చినవారు. ఆ తరువాత ఆమె నలభై ఏళ్లు బ్రతికింది. ఆ నలభై ఏళ్లలో ఒక్కరోజైనా ఆ రెండవ కుండను ఖాళీగా ఉంచలేదు.

యుద్ధము అనగానే మన పిల్లలు ట్యాంకులు, విమానములు, సరిహద్దులు అని చెప్తారు. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠములు చెప్పినవాడను గనుక ఆ జవాబు నాకు కొత్త కాదు. అది తప్పు కాదు గాని సగము జవాబే. యుద్ధరంగమునకు ఎన్నడూ వెళ్ళని కోట్లమంది జీవితము కూడా యుద్ధము వలన మారిపోతుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో మన ఇళ్లలో, మన వీధులలో ఏమి జరిగిందో ఈ పాఠములో చూద్దాము. చదువుతూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకొనండి: ఆ కష్టము అందరి మీద సమానముగా పడిందా?

1. యుద్ధము మనల్ని అడిగి రాలేదు

1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండు మీద దాడి చేసింది. 3వ తేదీన బ్రిటన్ జర్మనీ మీద యుద్ధము ప్రకటించింది. అదే రోజున వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశము కూడా యుద్ధములో ఉన్నదని ప్రకటించాడు. ఇక్కడ ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధులను ఒక్క మాటైనా అడుగలేదు. దానికి నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేశాయి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గము కూడా ఆ అక్టోబరులోనే దిగిపోయింది.

యానాములో ఉన్న మనవారికి మరొక విధముగా యుద్ధము వచ్చింది. 1940 జూన్‌లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయింది. పుదుచ్చేరిలో ఉన్న ఫ్రెంచి గవర్నరు బోన్వాన్ ఆ సెప్టెంబరులో జనరల్ డిగాల్ పక్షము వహించాడు. గోదావరి ఒడ్డున వల వేసుకొనే మనిషి ఏ పక్షమో పారిస్, లండన్, పుదుచ్చేరి నగరములలో తేలింది. అతనిని అడిగినవారు లేరు.

మొదటి రెండేళ్లు యుద్ధము దూరపు సంగతిగానే ఉండెను. ధరలు కొంచెము పెరిగాయి. వెండి రూపాయలను జనము ఇళ్లలో దాచుకొనసాగారు. 1940లో ప్రభుత్వము రూపాయి నాణెములో వెండిని సగానికి తగ్గించి, రూపాయి కాగితమును కూడా చలామణిలో పెట్టింది. 1941 డిసెంబరులో జపాను యుద్ధములోకి దిగిన తరువాత ఆ దూరము లేకుండా పోయింది.

2. రంగము నుండి నడిచి వచ్చినవారు

ఆ కాలములో రంగూను నగరములో సగానికి పైగా జనము భారతీయులే. 1931 జనాభా లెక్కలు ఆ మాట చెప్తున్నాయి. వారిలో తెలుగువారు పెద్ద భాగము. గంజాము, విశాఖపట్నము, గోదావరి జిల్లాల నుండి స్టీమరెక్కి వెళ్ళి రేవులో మూటలు మోసినవారు, మిల్లులలో ధాన్యము ఆడించినవారు, రిక్షాలు లాగినవారు వారే. కోరంగి రేవు పేరు మీదనే వారిని అక్కడ "కోరంగీలు" అని పిలిచేవారు.

1941 డిసెంబరు 23న, మరల క్రిస్మసు రోజున, రంగూను మీద జపాను బాంబులు పడ్డాయి. వేలాదిమంది కూలీలు నగరము విడిచి ఉత్తర దిక్కుగా పరుగెత్తారు. రేవులో పని ఆగిపోకూడదని ప్రభుత్వము వారిలో చాలామందిని మధ్యదారిలో ఆపి వెనుకకు రప్పించింది. 1942 మార్చి 8న జపాను సేనలు రంగూనులో ప్రవేశించేసరికి సముద్రపు దారి మూసుకుపోయింది. ఇక మిగిలినవి కొండదారులే. కొందరు అరకాను కొండలు దాటి చిట్టగాంగు వైపు, కొందరు తమ్ము మీదుగా మణిపూరుకు, మరికొందరు హుకాంగు లోయ గుండా అస్సాముకు నడిచారు. ఆ సంవత్సరము బర్మా విడిచి వచ్చిన భారతీయులు సుమారు అయిదు లక్షలమంది అని చరిత్రకారుల అంచనా. దారిలో మరణించినవారి లెక్క ఎవరూ సరిగా వ్రాయలేదు. పదివేలని కొందరు, యాభైవేల వరకు అని కొందరు అంటారు. ఎక్కువమందిని చంపినది బాంబు కాదు. కలరా, మలేరియా, ఆకలి.

ఆ దారులలో కూడా తేడాలున్నాయి. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి ఉన్నదని ఆనాటి మన నాయకులు బహిరంగముగానే ఆరోపించారు. మా నాయనమ్మ ఈ రాజకీయములు ఎరుగదు. ఆమె చెప్పినది ఒక్కటే: "మంచి నీళ్లు ఉన్నచోట మమ్మల్ని ఆగనివ్వలేదు."

ఇక్కడ మొదటి సంగతి గుర్తించండి. పని కావలసినంతకాలము వలస కూలిని ఆపినవారే, ప్రమాదము వచ్చినప్పుడు అతనిని చివరి వరుసలో నిలబెట్టారు.

3. తీరమున పడిన భయము

1942 ఏప్రిల్ 5 ఈస్టరు ఆదివారము. ఆ రోజున జపాను విమానములు కొలంబో మీద దాడి చేశాయి. మరునాడు, అనగా 6వ తేదీ సోమవారమున, విశాఖపట్నము, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. చనిపోయినవారు కొద్దిమందే గాని, ఆ కొద్ది బాంబులు పుట్టించిన భయము తీరము పొడవునా పాకింది. ఆ దినములలోనే బంగాళాఖాతములో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగాయి. విశాఖపట్నము జనము మూటాముల్లె కట్టుకొని పల్లెలకు తరలిపోయారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమును కొంతకాలము గుంటూరుకు మార్చవలసి వచ్చింది. ఆనాటి బాంబు ఒకటి నేటికీ విశాఖ మ్యూజియములో ఉన్నది. అటు వెళ్ళినప్పుడు పిల్లలకు చూపించండి.

మద్రాసులో ఇంకా విచిత్రము జరిగింది. శత్రువు దిగవచ్చునని, తప్పనిసరి పని లేనివారు నగరము విడిచి వెళ్ళవలెనని ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వమే సలహా ఇచ్చింది. ప్రభుత్వ కార్యాలయములు కొన్ని లోపలి జిల్లాలకు తరలాయి. రైళ్లలో కాలు పెట్టే సందు లేదు. సెంట్రల్ స్టేషను ప్రక్కన పీపుల్స్ పార్కులో జంతు ప్రదర్శనశాల ఉండేది. బాంబులు పడితే క్రూరమృగములు తప్పించుకొని వీధులలోకి వస్తాయేమోనని వాటిని కాల్చి చంపారు. అయితే శత్రుసేన రాలేదు. కొన్ని నెలల తరువాత వెళ్ళినవారు ఒక్కొక్కరుగా తిరిగి వచ్చారు.

వెళ్ళగలిగినవారు ఎవరు? ఊరిలో పెద్ద ఇల్లు, బంధువులు, రైలు చార్జీ ఉన్నవారు. వెళ్ళలేనివారు ఎవరు? దినకూలివారు, మరియు వెళ్ళుటకు అనుమతి లేనివారు. 1941లో వచ్చిన అత్యవసర సేవల ఆర్డినెన్సు ప్రకారము, అట్టి సేవగా ప్రకటించిన ఉద్యోగమును విడిచిపోవుట నేరము. నగరమునకు నీళ్లు, దీపములు, పారిశుద్ధ్యము ఆగకూడదు గదా. మద్రాసు వీధులు ఊడ్చి, మురుగు ఎత్తినవారిలో మన తెలుగువారు చాలామంది ఉండిరి. పెద్దమనుషులు రైలెక్కిన ఉదయమున కూడా ఎవరో ఒకరు చీపురు పట్టుకొని వీధిలోకి వచ్చారు. యుద్ధములో ధైర్యముగా నిలిచినవారి జాబితా వ్రాసినప్పుడు వారి పేర్లు ఎక్కడా కనబడవు. మన సంఘముల పాత రిజిస్టర్లలో వెదికితే కనబడవచ్చును.

4. నూటికి అయిదు గింజలు

ఇప్పుడు బియ్యము సంగతికి వద్దాము. ఇది లెక్కల పాఠము వంటిది గనుక నెమ్మదిగా చదవండి.

యుద్ధమునకు ముందు బర్మా నుండి మన దేశమునకు ఏటా సుమారు 15 లక్షల టన్నుల బియ్యము వచ్చేది. రంగూను పడిపోగానే అది ఆగిపోయింది. అయితే దేశము మొత్తము తినే బియ్యములో అది సుమారు నూటికి అయిదు పాళ్లే. నూరు గింజలలో అయిదు తగ్గితే ఏమవుతుంది? అందరూ సమానముగా తగ్గించుకొంటే ప్రతివాడూ రోజుకు రెండు మూడు ముద్దలు తక్కువ తింటాడు. ఎవరూ చావరు.

జరిగినది అది కాదు. బియ్యము దొరకదేమోనన్న భయముతో డబ్బున్నవాడు ఆరు నెలలకు సరిపడా కొన్నాడు. ధర పెరుగునని వ్యాపారి కొట్టు మూసి నిలవ చేశాడు. ఒక రాష్ట్రము తన ధాన్యమును ప్రక్క రాష్ట్రమునకు పోనివ్వలేదు. బెంగాలులో శత్రువు చేతికి చిక్కకూడదని ప్రభుత్వమే తీరప్రాంతము నుండి ధాన్యమును, వేలాది పడవలను తీసివేసింది. పడవ పోయిన జాలరికి చేప లేదు, పడవ పోయిన రైతుకు సంత లేదు. దాని మీద 1942 అక్టోబరులో మిడ్నపూరు తీరమున గొప్ప తుపాను వచ్చింది.

1942 మొదట్లో కలకత్తాలో మణుగు బియ్యము ఆరేడు రూపాయలు. 1943 వేసవికి ముప్పై దాటింది. కూలి మాత్రము అంత పెరుగలేదు. ఆ కరువులో చనిపోయినవారు 15 లక్షలని ప్రభుత్వ విచారణ సంఘము 1945లో వ్రాసింది. ముప్పై లక్షల వరకు ఉంటారని తరువాతి పరిశోధకులు లెక్కకట్టారు. ఒరిస్సా తీరపు జిల్లాలకు కూడా ఆ బాధ తగిలింది.

ఎవరు చనిపోయారు? పొలము లేని కూలీలు, జాలరులు, పడవవారు, చేతిపనివారు. యుద్ధపు సామగ్రి తయారుచేసే కలకత్తా కర్మాగారములలోని పనివారికి చౌక ధరకు బియ్యము ఏర్పాటు చేయబడింది. అదే నగరపు కాలిబాట మీద పల్లెల నుండి వచ్చినవారు గంజి కోసము అర్థిస్తూ ప్రాణము విడిచారు. ఆ కరువును తొమ్మిదేళ్ల బాలుడుగా చూచిన అమర్త్యసేన్ పెద్దయిన తరువాత 1981లో దాని మీద గ్రంథము వ్రాశాడు. ఆయన చెప్పినదాని సారము ఇది: తిండి లేక కరువు వచ్చుట ఒకటి, ఉన్న తిండిని కొనే శక్తి కొందరికి పోవుట మరొకటి. బెంగాలులో ఎక్కువగా జరిగినది రెండవది.

ఐగుప్తులో యోసేపు చేసిన పని మీకు జ్ఞాపకము వచ్చియుండును. సమృద్ధి ఉన్నప్పుడే ధాన్యము కొలిచి నిలవ చేసి, లేమి వచ్చినప్పుడు కొట్లు తెరిచాడు. 1942లో కొలిచినవారు లేరు. తెరిచేసరికి ఆలస్యమైపోయింది.

5. రూపాయి ఎందుకు చిక్కిపోయింది?

ధరలు పెరుగుటకు బియ్యపు కొరత ఒక్కటే కారణము కాదు. మరొక కారణము మన జేబులోని రూపాయిలో ఉన్నది.

బ్రిటను తన యుద్ధము కొరకు మన దేశములో గుడ్డ, తోలు, గోనెసంచులు, ఆహారము, ఇనుము విపరీతముగా కొన్నది. వాటి ఖరీదులో పెద్ద భాగమును లండనులో మన పేర పౌండ్లలో జమ వ్రాసింది. ఆ జమను ఆధారముగా పెట్టుకొని ఇక్కడ రిజర్వు బ్యాంకు నోట్లు అచ్చువేసి అమ్మినవారికి చెల్లించింది. యుద్ధము ముందు సుమారు 180 కోట్ల రూపాయల నోట్లు చలామణిలో ఉండగా, 1945 నాటికి అవి 1100 కోట్లు దాటాయి. సరుకు మాత్రము సైన్యమునకు పోయింది. సంతలో వంకాయలు పదే ఉండి, కొనువారి చేతిలో డబ్బు ఆరు రెట్లయితే వంకాయ ధర ఏమవుతుందో మీ ఇంటి పిల్లవాడు కూడా చెప్పగలడు. టోకు ధరలు 1939లో నూరు అనుకొంటే, యుద్ధము ముగిసేనాటికి సుమారు 240 అయ్యాయి.

నెలకు ఇరవై రూపాయలు తెచ్చుకొనే ఒక బడిపంతులును ఊహించుకొనండి. జీతము అదే ఇరవై. కాని దానితో వచ్చే సరుకు మునుపు ఎనిమిది రూపాయలకు వచ్చినంతే. మిగిలిన పన్నెండు ఎవరు తీసికొన్నారు? దొంగ రాలేదు, పన్ను వసూలుదారు రాలేదు. ఎవరూ తలుపు తట్టకుండానే అతని నుండి యుద్ధపు ఖర్చు వసూలైంది. పొలమున్న రైతుకు, సరుకున్న వర్తకునికి ధరలు కలిసివచ్చాయి. జీతగానికి, కూలికి, విధవరాలికి అవే ధరలు నష్టమయ్యాయి.

రాగి కూడా యుద్ధమునకు కావలసి వచ్చింది. అందుచేత 1943 నుండి అణాలో నాలుగవ వంతైన కాని మధ్యలో చిల్లు పెట్టి ముద్రించారు. ఆ చిల్లు కానులను పిల్లలు దారమునకు గ్రుచ్చి మొలకు కట్టుకొన్నారని పెద్దలు చెప్పేవారు. చివరకు గడియారమును కూడా యుద్ధము వదలలేదు. 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వరకు దేశమంతటా గడియారములను ఒక గంట ముందుకు జరిపి ఉంచారు.

6. పంచుకొనుట నేర్చిన విధము

ఇదే యుద్ధములో బ్రిటను తన సొంత ప్రజలను ఎట్లు చూచుకొన్నదో పోల్చి చూడుట మంచిది. అక్కడ యుద్ధము ప్రకటించిన ఆ కొద్దిరోజులలోనే సుమారు 15 లక్షలమంది పిల్లలను, తల్లులను, ఇతరులను నగరముల నుండి పల్లెలకు ప్రభుత్వ ఖర్చుతో తరలించారు. 1940 జనవరి 8 నుండి వెన్న, పంచదార, పందిమాంసము రేషనులో పెట్టారు. అప్పటికి ఆకలి రాలేదు. రాకముందే కొలత పెట్టారు. ప్రభువుకైనా పాకీవానికైనా ఒకటే పుస్తకము, ఒకటే కొలత. గర్భిణీ స్త్రీలకు, పసిపిల్లలకు పాలు ప్రత్యేకముగా ఇచ్చారు. అందుచేత బాంబులు పడుచున్నను, యుద్ధము ముగిసేనాటికి అక్కడ శిశుమరణములు యుద్ధము ముందటికంటె తగ్గాయి. ఆ రేషను 1954 జూలై వరకు నడిచింది.

మన దేశములో బొంబాయి నగరమున 1943 మే 2న రేషను మొదలైంది. అదే సంవత్సరము మద్రాసు నగరములో కూడా పెట్టారు. తరువాత ఇతర పట్టణములకు వ్యాపించింది. గంటల తరబడి క్యూ, రాళ్లు కలిసిన బియ్యము, అన్నము బదులు అలవాటు లేని గోధుమ, దొంగబజారు ఇవన్నీ ఉండేవి. జనము విసుక్కున్నారు. అయినను రేషను సరిగా నడిచిన నగరములలో బెంగాలు వంటి చావులు రాలేదు. ఒకే ప్రభుత్వము క్రింద, ఒకే సంవత్సరమున, కార్డు ఉన్నచోట మనిషి విసుక్కున్నాడు, కార్డు లేనిచోట మనిషి చనిపోయాడు. ఈ వాక్యమును మీ నోటుపుస్తకములో వ్రాసికొనవలెనని కోరుచున్నాను.

7. యుద్ధము ఇచ్చిన పని, తీసికొన్న ప్రాణము

యుద్ధము వలన పని దొరికినవారు కూడా లేకపోలేదు. సత్యము చెప్పుకొనవలెను. 1939లో సుమారు రెండు లక్షలున్న భారత సైన్యము 1945 నాటికి 25 లక్షలకు పెరిగింది. అందరూ తామై చేరినవారే. దేశభక్తితో కొందరు చేరారు. ఇంటికి మనియార్డరు వచ్చునని చేరినవారు అంతకంటె ఎక్కువమంది. వారిలో సుమారు 87 వేలమంది తిరిగి రాలేదు. 1942లో స్త్రీల కొరకు కూడా సహాయక దళము ఏర్పడింది. టైపు, టెలిఫోను, లెక్కల పనులలో స్త్రీలు చేరుట అప్పుడు బాగా పెరిగింది.

బెంగుళూరులో 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వముతో కలిసి విమాన కర్మాగారము స్థాపించాడు. అదే నేటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్. ఆయన కంపెనీయే 1941లో విశాఖపట్నములో ఓడల కర్మాగారమునకు పునాది వేసింది. అక్కడి నుండి మొదటి ఓడ 1948లో నీటిలోకి దిగింది. బొంబాయి, షోలాపూరు మిల్లులకు రాత్రింబగళ్లు పని దొరికింది. అందులో మన పద్మశాలి కుటుంబములు ఎన్నో ఉన్నాయి. అదే సమయములో చేతిమగ్గము నేసేవానికి నూలు దొరకలేదు. గుడ్డ నేసే ఇంట్లోనే కట్టుకొనుటకు గుడ్డ లేని దినములు వచ్చాయి.

ప్రమాదము ఎప్పుడూ శత్రువు చేతనే రాదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ నిప్పంటుకొని పేలిపోయింది. ఒకే ఓడలో పత్తి బేళ్లు, పేలుడు సామగ్రి కలిపి నింపారు. యుద్ధకాలపు తొందర అటువంటిది. ఏడువందలకు పైగా మరణించారు. నిప్పు ఆర్పబోయిన అగ్నిమాపక సిబ్బందే 66 మంది. చుట్టుప్రక్కల పేదల ఇళ్లు, ధాన్యపు గిడ్డంగులు కాలిపోయాయి. సెన్సారు ఉన్నందున పూర్తి వార్త వెంటనే పత్రికలకు రాలేదు. ఇప్పటికీ ప్రతి సంవత్సరము ఏప్రిల్ 14న అగ్నిమాపక దినము పాటించుట ఆ 66 మంది జ్ఞాపకార్థమే.

8. యుద్ధము వెళ్ళిపోయినా మిగిలినవి

1945 ఆగస్టులో యుద్ధము ముగిసింది. కాని ఇంట్లోకి వచ్చినవి వెంటనే బయటకు పోలేదు. మద్రాసు రాష్ట్రములో ఆహారపు కంట్రోళ్లను రాజాజీ ఎత్తివేసినది 1952లో. ఉద్యోగులకు ఇచ్చే కరువు భత్యము ఆ యుద్ధకాలములో పుట్టినదే. రేషను కార్డు అనే ఆలోచన కూడా అప్పుడు మన ఇంటికి వచ్చినదే. రంగము నుండి వచ్చినవారిలో కొందరు తిరిగి అక్కడికి వెళ్ళారు, చాలామంది వెళ్ళలేదు. వారి బిడ్డలు పని వెదకుకొంటూ వేరు వేరు పట్టణములకు చేరారు. మన సంఘములలో నేడు కొన్ని కుటుంబముల మూలము అక్కడే ఉన్నది.

2022లో ఉక్రెయిన్‌లో యుద్ధము మొదలైనప్పుడు మన వంటింట్లో పొద్దుతిరుగుడు నూనె ధర ఎట్లు ఎగబ్రాకిందో మీకు తెలియును. వేల మైళ్ల దూరమున పేలిన గుండు మన మూకుడులో వినబడింది. దారి అదే. 1942లో బియ్యము నడిచిన దారినే 2022లో నూనె నడిచింది.

9. మనము గ్రహించవలసినవి

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకొందాము. కష్టము అందరి మీద సమానముగా పడలేదు. శత్రువు బాంబు ఎవరి మీద పడునో ఎవరూ చెప్పలేరు గాని, ఆకలి ఎవరి మీద పడునో ముందే చెప్పవచ్చును. పేరు ఏ లెక్కలోనూ లేనివాని మీద పడుతుంది. రంగములో కూలి పేరు ఓడ జాబితాలో లేదు. బెంగాలులో జాలరి పేరు కర్మాగారపు హాజరు పట్టీలో లేదు. లెక్కలో ఉన్నవాడు బ్రతికాడు.

మనము తాతల కాలమున వచ్చి ఈ రాష్ట్రములలో స్థిరపడినవారము. మనకు ఇల్లు, కార్డు, ఓటు ఉన్నాయి. అయితే మన ఆరాధనలో వెనుక బల్ల మీద కూర్చునేవారిని చూడండి. ఇటుక బట్టీకి, భవనపు పనికి, మేస్త్రీ వెంట నిన్నమొన్న వచ్చిన కుటుంబములు. వారి కార్డు ఊరిలో ఉండిపోయింది. ఒకే దేశము, ఒకే రేషను కార్డు అనే ఏర్పాటు 2022 నాటికి అన్ని రాష్ట్రములలో అమలులోకి వచ్చింది. దాని వలన ఊరి కార్డుతోనే ఇక్కడి చౌక దుకాణములో బియ్యము తీసికొనవచ్చును. ఈ సంగతి వారికి చెప్పినవారున్నారా? భాష రాక దుకాణము దగ్గర నిలబడినవానితో వెళ్ళి మాటలాడినవారున్నారా? ఇది గొప్ప ఖర్చుతో కూడిన పని కాదు. ఒక పూట సమయము చాలును. కష్టకాలము వచ్చిన తరువాత చేయవలసిన పని కాదు, ముందు చేయవలసిన పని.

రెండవది, నిలవ విషయము. రెండవ కుండ పెట్టిన మా నాయనమ్మను తప్పుపట్టలేను. అయితే ఆమె నిలవకు, ఆనాటి కొట్టు మూసిన వర్తకుని నిలవకు తేడా ఉన్నది. ఆమె ప్రతి పిడికెడూ తన ముద్దలో నుండి తీసింది. ఆ కుండ నిండినప్పుడల్లా వీధిలో ఎవరికి పొయ్యి వెలగలేదో చూచి వారింటికి పంపి, మరల మొదటి పిడికెడు నుండి మొదలుపెట్టేది. భయముతో మొదలైన కుండ ఆమె చేతిలో చుట్టుప్రక్కలవారి కుండ అయింది.

మూడవది, జ్ఞాపకము. ఆ దినములు కన్నులారా చూచినవారు ఇప్పుడు ఎనభై అయిదు, తొంభై దాటినవారు. ఇంకొక పదేళ్లకు అడుగుదామంటే ఉండరు. ఈ నెలలోనే వారి దగ్గర కూర్చొని వినండి. తేదీలు తప్పు చెప్పినా దిద్దకండి. ఏమి తిన్నారు, ఎవరు పెట్టారు, ఎవరు తలుపు వేశారు అని అడగండి. వ్రాసి సంఘపు రికార్డులో ఉంచండి.

చర్చకు ప్రశ్నలు

1. బర్మా బియ్యము సుమారు నూటికి అయిదు పాళ్లే అయినప్పుడు అంత కరువు ఎందుకు వచ్చింది? మీ మాటలలో చెప్పండి.

2. బ్రిటనులో రేషను పెట్టిన సమయమునకు, మన దేశములో పెట్టిన సమయమునకు ఉన్న తేడా ఏమి? దాని ఫలితము ఏమి?

3. ధరలు పెరిగినప్పుడు మీ సంఘములో ఎవరికి లాభము, ఎవరికి నష్టము? పేర్లు చెప్పకుండా వృత్తుల వారీగా పట్టిక వ్రాయండి.

4. నగరము ఖాళీ అయినప్పుడు కూడా ఆగకూడని పనులు ఏవి? అవి చేయువారిని మనము మామూలు దినములలో ఎట్లు చూస్తున్నాము?

5. మీ కుటుంబము మొదట ఏ ఊరి నుండి, ఏ సంవత్సరమున, ఏ పని కొరకు ఇక్కడికి వచ్చింది? ఇంట్లో పెద్దలను అడిగి వచ్చే కూడికకు వ్రాసి తెండి.

యౌవనస్థులకు అభ్యాసము: మీ సంఘమునకు ఈ రెండేళ్లలో కొత్తగా వచ్చిన కుటుంబముల జాబితా తయారుచేసి, ఎవరికి రేషను కార్డు ఇక్కడ పనిచేయుచున్నదో, ఎవరికి లేదో కనుగొని పెద్దలకు అందజేయండి. జాబితాలో ఒక్క పేరు కూడా తప్పిపోకుండా చూడండి.